పుట్టిన దేశాన్ని బట్టి బతుకు

మనిషి ఆదాయాన్ని నిర్ణయించేవాటిలో చదువు, కష్టం, తెలివి కంటే పుట్టిన దేశానిదే పెద్ద పాత్ర. ప్రపంచ బ్యాంకులో చాలా ఏళ్లు ఆదాయ సర్వేల మీద పనిచేసిన ఆర్థికవేత్త బ్రాంకో మిలనోవిచ్ ఈ సంగతి లెక్కగట్టి చూపారు. ప్రపంచంలోని మనుషుల ఆదాయాల మధ్య ఉన్న తేడాలో సగానికి పైగా, ఎవరు ఏ దేశంలో ఉంటున్నారన్నదాంతోనే తేలిపోతుంది. ఎక్కడ పుట్టాలో ఎవరి చేతిలోనూ ఉండదు కాబట్టి ప్రపంచ అసమానతను ముందుగా న్యాయానికి సంబంధించిన ప్రశ్నగా చూడాలి. ప్రపంచ అసమానతల నివేదిక 2022 ప్రకారం ప్రపంచ ఆదాయంలో 52 శాతం పైనున్న పదో వంతు జనానికి చేరుతోంది. కింది సగం జనాభాకు దక్కేది 8.5 శాతం. ఆస్తుల దగ్గరికి వస్తే తేడా ఇంకా ఘోరం. పై పదో వంతు చేతిలో 76 శాతం, కింది సగం చేతిలో 2 శాతం.

ఈ తేడాలో రెండు పొరలున్నాయి: దేశాల మధ్య ఉన్నది ఒకటి, దేశాల లోపల ఉన్నది ఒకటి. రెండు వందల ఏళ్ల కిందట రెండోదే పెద్దది. 1820 ప్రాంతంలో ఏ దేశంలో చూసినా అత్యధికులు పేదలు, కలిగినవాళ్లు కొద్దిమంది. ఆ తర్వాత పారిశ్రామిక విప్లవం, పరాయి పాలన కలిసి దేశాలను ఎడం చేశాయి. అంతకుముందు మచిలీపట్నం నుంచీ, గోదావరి తీరపు రేవుల నుంచీ నేత బట్ట ఓడలకెక్కి ఐరోపాకు, ఆగ్నేయాసియాకు వెళ్లేది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లు బట్ట ఇటు దిగడం మొదలయ్యాక ఎన్నో నేత కుటుంబాలు మగ్గం వదిలి కూలికి వెళ్లాయి. ఇలాంటి కథ ఆసియా, ఆఫ్రికాల్లో చాలా చోట్ల నడిచింది. ఇరవయ్యో శతాబ్దం సగమయ్యేసరికి ప్రపంచ అసమానతలో పెద్ద వాటా దేశాల మధ్య తేడాదే అయింది.

గత నాలుగు దశాబ్దాల్లో చైనా, దాని వెనక భారత్ ఎదగడంతో ఈ తేడా కొంత తగ్గింది. 1990లో ప్రపంచ జనాభాలో మూడో వంతుకు మించి దుర్భర దారిద్ర్యంలో ఉంటే, కోవిడ్‌కు ముందు ఆ వాటా పదో వంతుకన్నా దిగువకు వచ్చింది. చిన్న విజయం కాదు ఇది. కాకపోతే ఆ కాలంలోనే చైనా, భారత్, అమెరికా, రష్యాల లోపల కలిగినవారికీ లేనివారికీ మధ్య దూరం పెరిగింది. 1988 నుంచి 2008 వరకు ఆదాయాలు ఎలా పెరిగాయో మిలనోవిచ్, మరో ఆర్థికవేత్త క్రిస్టాఫ్ లాక్నర్ గీసిన గ్రాఫు ఏనుగు ఆకారంలో వచ్చింది. ఆసియా మధ్యతరగతి దాని వీపు మీద ఉంది. పైకి లేచిన తొండం కొసన ప్రపంచంలోని అతి సంపన్నులున్నారు. ఆ రెంటికీ నడుమ పల్లంలో ఐరోపా, అమెరికా కార్మికులు చిక్కుకున్నారు. ఆ దేశాల్లో వలసదారుల మీదా, విదేశీ సాయం మీదా ఇప్పుడు వినిపిస్తున్న ఆగ్రహానికి వేర్లు కొంతవరకు ఆ పల్లంలోనే ఉన్నాయి. మరోవైపు చైనా ఇచ్చిన ఊపు అయిపోయింది. దుర్భర దారిద్ర్యంలో మిగిలినవారిలో దాదాపు మూడింట రెండు వంతులు ఇప్పుడు సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలోనే ఉన్నారు. అక్కడ జనాభా పెరిగినంత వేగంగా ఆదాయం పెరగడం లేదు.

ఆ ప్రాంతం మీదే భూతాపం దెబ్బ గట్టిగా పడుతోంది. వాతావరణ మార్పులో చెరుపు చేసింది ఒకరు, అనుభవించేది మరొకరు. ప్రపంచంలో ఎక్కువగా కర్బనం వదిలే పదో వంతు జనం మొత్తం ఉద్గారాల్లో దాదాపు సగానికి కారకులు. కింది సగం జనాభా వాటా 12 శాతం. పాకిస్తాన్ నుంచి వెలువడేది ప్రపంచ ఉద్గారాల్లో ఒక్క శాతం కూడా ఉండదు. 2022 వానకాలం వరదల్లో ఆ దేశంలో 3.3 కోట్ల మంది దెబ్బతిన్నారు, 1,700 మందికి పైగా చనిపోయారు, నష్టం 3,000 కోట్ల డాలర్లు దాటిందని అంచనా వేశారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు నోవా డిఫెన్‌బా, మార్షల్ బర్క్ 2019లో ప్రచురించిన అధ్యయనం ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. భూమి వేడెక్కకపోయి ఉంటే ఉండాల్సినదానికన్నా, అత్యంత ధనిక, అత్యంత పేద దేశాల మధ్య ఆదాయపు అంతరం ఇప్పటికే దాదాపు 25 శాతం ఎక్కువగా ఉందని వారి అంచనా. చలిదేశాలకు కాస్త వేడి కలిసొస్తుంది, ముందే వేడిగా ఉన్న దేశాల్లో పంట దిగుబడి, ఎండలో మనిషి చేయగలిగే పని రెండూ పడిపోతాయి.

మొజాంబిక్ అనుభవం ఈ లంకెలన్నిటినీ ఒకే చోట చూపిస్తుంది. 2019 మార్చి 14 రాత్రి ఇదాయి తుపాను బెయిరా రేవు పట్టణం దగ్గర తీరం దాటింది. ఆ దేశంలోనే 600 మందికి పైగా చనిపోయారు. కోతకు వచ్చిన మొక్కజొన్న సహా ఏడు లక్షల హెక్టార్లకు పైగా పంట నీట మునిగింది. కొద్ది రోజులకే కలరా వచ్చింది. ఆరు వారాలు తిరక్కుండా కెన్నెత్ అనే మరో తుపాను ఉత్తర తీరాన్ని కొట్టింది. అప్పటికే మొజాంబిక్ అప్పుల్లో కూరుకుపోయి ఉంది. పార్లమెంటుకు తెలియకుండా ప్రభుత్వ హామీతో తెచ్చిన రుణాలు 2016లో బయటపడ్డాక దాతలు సాయం ఆపేశారు. తుపాను తర్వాత ఏప్రిల్‌లో అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 11.8 కోట్ల డాలర్లు వచ్చాయి. వడ్డీ లేదు, అయినా అది అప్పే. తాను చేయని నష్టానికి మరమ్మతు చేసుకోవడానికి ఒక పేద దేశం తిరిగి చెల్లించాల్సిన డబ్బు తెచ్చుకుంది.

ఈ పద్ధతి ఒక్క మొజాంబిక్‌కు పరిమితం కాలేదు. పేద దేశాల వాతావరణ అవసరాలకు 2020 నాటికల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగెన్‌లో మాటిచ్చాయి. ఆ మాట నిలబడింది 2022లో, రెండేళ్లు ఆలస్యంగా. అందులోనూ ప్రభుత్వాలిచ్చిన డబ్బులో మూడింట రెండు వంతులు రుణాలే. నష్టపోయిన దేశాలకు అండగా 'లాస్ అండ్ డ్యామేజ్' నిధి పెట్టాలని 2022లో షర్మెల్ షేక్ వాతావరణ సదస్సు తీర్మానించింది. మరుసటి ఏడు దుబాయ్‌లో దానికి వచ్చిన హామీలు దాదాపు 70 కోట్ల డాలర్లు. పాకిస్తాన్ ఒక్క వరదలో పోగొట్టుకున్నదానిలో అది నలభయ్యో వంతు కూడా కాదు. 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లన్న కొత్త లక్ష్యం 2024లో బాకూలో కుదిరింది. అది చాలదని భారత ప్రతినిధి అక్కడే అభ్యంతరం చెప్పారు.

అలాగని విపత్తు ముందు పేదవాడు ఎప్పుడూ నిస్సహాయుడేనని అనుకోవడం తప్పు. 1970లో భోలా తుపాను నేటి బంగ్లాదేశ్‌లో మూడు లక్షలకు తగ్గకుండా ప్రాణాలు తీసింది. 2007లో అదే తీరంలో సిద్ర్ తుపానుకు పోయినవారు దాదాపు 3,400 మంది. నడుమ ఆ దేశమేమీ ధనిక దేశం కాలేదు. తీరం వెంట షెల్టర్లు కట్టింది, హెచ్చరికలను గడపగడపకూ చేర్చే వేలాది వాలంటీర్లను తయారు చేసింది. తెలుగు తీరమూ ఇదే చెబుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నం నగరం మీదే విరుచుకుపడినా ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వంద దాటలేదు. పేదరికం పోకముందే ప్రాణనష్టాన్ని ఆపవచ్చు. ఆస్తి నష్టం, పంట నష్టం అలా ఆగవు. ప్రాణం దక్కించుకున్న కుటుంబం అప్పుతో మళ్లీ మొదలుపెట్టాలి, లేదా ఊరు వదలాలి.

ఊరు వదిలినవారు ఎక్కడికి వెళతారన్న విషయంలో అపోహలు చాలా ఉన్నాయి. పేద దేశాల నుంచి జనం వరదలా ధనిక దేశాల మీద పడుతున్నారన్నది అందులో పెద్దది. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 2024 నాటికి పుట్టిన దేశం దాటి బతుకుతున్నవారు 30.4 కోట్లు, అంటే ప్రపంచ జనాభాలో 4 శాతంలోపే. నిరుపేదలు అసలు దూరం పోలేరు, ఎందుకంటే ప్రయాణానికి డబ్బు కావాలి. ఆదాయం కాస్త పెరిగాకే దేశం దాటేవారు పెరుగుతారనీ, దేశం మధ్యస్థ స్థాయికి చేరాకే ఆ జోరు తగ్గుతుందనీ ఆర్థికవేత్త మైకేల్ క్లెమెన్స్ చూపారు. అందువల్ల సాయం చేస్తే వలస ఆగుతుందన్న ఐరోపా ప్రభుత్వాల ఆశకు ఆధారం బలహీనం. వాతావరణం తరిమినవారూ ఎక్కువగా సొంత దేశంలోనే మరో చోటికి వెళతారు. చర్యలు తీసుకోకపోతే 2050 నాటికి ఇలా కదిలేవారు 21.6 కోట్ల దాకా ఉండవచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో అంచనా వేసింది. యుద్ధం, హింస నుంచి పారిపోయిన శరణార్థుల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి నీడనిస్తున్నవి తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాలే. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు పది లక్షలకు అటూఇటూగా ఉన్నారు. సూడాన్ అంతర్యుద్ధం నుంచి పారిపోయినవారికి చాద్ చోటిచ్చింది, ఉగాండా ఇచ్చింది. వాటి జనమే ప్రపంచంలోని అతి పేదల్లో ఉన్నారు.

పని కోసం వెళ్లే వలస వేరు. తెలుగువారికి ఇది ఎవరో చెబితే తెలిసేది కాదు. తెలుగు రాష్ట్రాల నుంచి రెండు దారులు పోతాయి. ఒకటి ఇంజినీరింగ్ చదివి, విద్యా రుణంతో అమెరికా వెళ్లి, హెచ్-1బీ కోసం ఎదురుచూసే దారి. రెండోది జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ భవన నిర్మాణాలకూ, కడప, కోనసీమల నుంచి కువైట్ ఇళ్లలో పనికీ వెళ్లే దారి. పాస్‌పోర్టే ఈ రెంటినీ వేరు చేస్తుంది. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టును ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) తరగతిలో పెడతారు. గల్ఫ్‌తో సహా కొన్ని దేశాల్లో పనికి వెళ్లాలంటే వారికి ప్రభుత్వ అనుమతి ఉండాలి. రక్షణ కోసం పెట్టిన ఈ నిబంధనను తప్పించడానికే విజిట్ వీసా మీద పంపే ఏజెంట్లు పుట్టుకొచ్చారు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము నిబంధనల ప్రకారం 30 వేల రూపాయలు, దానిపై పన్ను. ఊళ్లలో వాస్తవంగా చేతులు మారేది అంతకు ఎన్నో రెట్లు. ఆ డబ్బు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. అక్కడ కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర జీతం ఆగినా, చెప్పిన పని ఒకటై చేయించేది మరొకటైనా, వడ్డీ ఆగదు గనుక మనిషి తిరిగి రాలేడు. యజమానిని వదిలి బయటపడితే ఖల్లివెల్లి అవుతాడు, అంటే కాగితాల్లేని మనిషి. జబ్బు చేస్తే ఆసుపత్రికి పోవడానికీ భయమే. అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించేదాకా ఇంటి దారి ఉండదు.

అయినా జనం వెళ్తూనే ఉన్నారు, ఎందుకంటే వాళ్లు పంపే డబ్బు నిజం. 2024లో తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాలకు వలసదారులు పంపిన సొమ్ము 68,500 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. ఆ దేశాలకు వచ్చే విదేశీ పెట్టుబడి, అధికారిక సాయం రెండూ కలిపినా అంత ఉండదు. అందులో భారత్‌కు వచ్చింది 12,900 కోట్లు, ఏ దేశానికీ అంత రాలేదు. పేద కుటుంబానికి నేరుగా చేరే డబ్బు ఇది; పిల్లల ఫీజు, ఇంటి కప్పు, అమ్మాయి పెళ్లి దీనితోనే గడుస్తాయి. అసమానత తగ్గించడంలో ఏ సంస్థ పథకం కంటే కూడా ఇది పెద్దది. డబ్బు పంపే ఖర్చు భారాన్ని మోసేది మాత్రం అందరికన్నా తక్కువ జీతగాడు. 200 డాలర్లు ఇంటికి పంపాలంటే సగటున 6 శాతానికి పైగా రుసుములకే పోతుంది. 2030 నాటికి దాన్ని 3 శాతానికి తేవాలన్న లక్ష్యం దూరంగానే ఉంది.

గల్ఫ్ ఎండ ఈ వలసను ఆరోగ్యంతో కలుపుతుంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా ఎండలో పని నిషేధం. మిగతా గంటల్లోనూ ఉక్క తగ్గదు. గల్ఫ్ నుంచి కిడ్నీలు పాడై తిరిగొస్తున్న యువకుల గురించి నేపాల్ వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీల్లో, శ్రీలంక ఉత్తర మధ్య జిల్లాల వరి రైతుల్లో, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు మధుమేహం, రక్తపోటు లాంటి మామూలు కారణాలు లేవు. ఎండ, నీళ్లు తాగే వీలు లేకపోవడం, తాగునీరు, పురుగుమందులు అంటూ ప్రతిపాదనలున్నాయి, ఒకటీ పూర్తిగా రుజువు కాలేదు. ఈ జబ్బు కూలీలదీ చిన్న రైతులదీ కావడం వల్లే పరిశోధన ఇంత ఆలస్యమైందనడానికి సంకోచించనక్కర్లేదు.

మలేరియా ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ జబ్బుకు టీకా వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలిసారి సిఫారసు చేసింది 2021 అక్టోబరులో. పరాన్నజీవి సంక్లిష్టమైనదన్నది నిజమే. ఐరోపా, ఉత్తర అమెరికాల నుంచి మలేరియా పోయాక ఆ టీకా కొనగలిగే గిరాకీ లేకపోయిందన్నదీ అంతే నిజం. 2023లోనూ దానికి దాదాపు ఆరు లక్షల మంది బలయ్యారు. వారిలో అత్యధికులు ఆఫ్రికావారు, అందులోనూ ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలు.

ఆయుర్దాయంలో అట్టడుగున, అగ్రస్థానంలో ఉన్న దేశాల మధ్య తేడా 33 ఏళ్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. ఆదాయం పెరిగితే ఆయుష్షు పెరుగుతుందన్నది జనాభా శాస్త్రవేత్త శామ్యూల్ ప్రెస్టన్ 1975లో గీసిన ప్రసిద్ధ వక్రరేఖ సారం. ఆ రేఖకు పైన నిలిచిన కేరళ, శ్రీలంక, కోస్టారికాలు మరో సంగతి చెబుతాయి. ఆడపిల్లల చదువు, ఊరి దాకా చేరే వైద్యం ఉంటే తక్కువ ఆదాయంతోనూ ఎక్కువ కాలం బతకవచ్చు. మందుల ధర కూడా రాజకీయ నిర్ణయమే. ఎయిడ్స్ మందుల ఖర్చు ఏడాదికి పదివేల డాలర్లకు మించి ఉన్న రోజుల్లో, 2001 ఫిబ్రవరిలో భారత మందుల కంపెనీ సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ మూడు మందుల కోర్సును ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించారు. మందు మీద కాక తయారీ పద్ధతి మీదే పేటెంటు ఇచ్చిన 1970 నాటి భారత చట్టం లేకపోతే ఆ మాట అనగల కంపెనీ ఉండేది కాదు. ఆ తర్వాత ఆఫ్రికాకు వెళ్లిన ఎయిడ్స్ మందుల్లో పెద్ద వాటా హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలదే. ఇరవై ఏళ్లకు కోవిడ్ వచ్చినప్పుడు పాఠం మరిచిపోయారు. టీకాల మీద పేటెంట్లు సడలించాలని 2020 అక్టోబరులో భారత్, దక్షిణాఫ్రికా అడిగితే, కత్తిరించిన ఒప్పందం ఒకటి 2022 జూన్‌లో కుదిరింది. 2021 చివరికి అతి పేద దేశాల్లో ఒక్క డోసైనా అందినవారు పదో వంతు లేరు. రెండో ఉద్ధృతిలో భారత్ ఎగుమతులు ఆపేయడమూ అందుకు కొంత కారణం.

ఇక విదేశీ సాయం. ధనిక దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లోనే తీర్మానించింది. 2024లో ఆ గీత దాటినవి నార్వే, లక్సెంబర్గ్, స్వీడన్, డెన్మార్క్. అన్ని దాత దేశాల సగటు 0.33 శాతం. ఇచ్చినట్టు చూపే లెక్కలో తమ దేశానికి వచ్చిన శరణార్థుల తొలి ఏడాది ఖర్చు కూడా కలుపుతారు, అంటే ఆ డబ్బు దాత దేశం దాటదు. సాయం ఎప్పుడూ దాత అవసరాలతో ముడిపడే ఉంది. 1954 నాటి పీఎల్-480 చట్టం కింద అమెరికా తన మిగులు గోధుమలను భారత్‌కు పంపింది. అరవైల నడుమ కరువులో వియత్నాం యుద్ధాన్ని భారత్ విమర్శించినందుకు అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆ ఓడలను నెలనెలా బిగబట్టి వదిలాడు. హరిత విప్లవం కోసం ఢిల్లీ పడిన ఆరాటం వెనక ఆ అవమానం ఉంది.

సాయం పనిచేస్తుందా అన్న వాదంలో ఆర్థికవేత్తలు జెఫ్రీ సాక్స్ ఒక వైపు, విలియం ఈస్టర్లీ, డంబీసా మోయో మరో వైపు నిలిచారు. సాయం జవాబుదారీతనం లేని ప్రభుత్వాలను పోషిస్తుందన్న విమర్శ కొన్ని దేశాల విషయంలో నిజం. ఆరోగ్య రంగంలో మాత్రం ఆధారాలు సాయం వైపే మొగ్గుతాయి. మశూచి నిర్మూలన, పిల్లల టీకాలు, దోమతెరలు, ఎయిడ్స్ మందులు కోట్ల ప్రాణాలు నిలబెట్టాయి. జనం చేతుల్లోకి నిర్వహణ వెళ్లిన చోట ఫలితం ఇంకా నిలకడగా ఉంది. 1990ల నడుమ కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో మహిళా సంఘాలను సమాఖ్యలుగా అల్లే పని జరిగింది. 2000 నుంచి ప్రపంచ బ్యాంకు రుణంతో అదే వెలుగు పథకమై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా విస్తరించింది. బయటి డబ్బు ఆగాకా ఆ సంఘాలు బ్యాంకుల నుంచి అప్పు తెచ్చుకుని తీరుస్తూ నిలబడ్డాయి.

2025లో సాయం ఒక్కసారిగా కుంగింది. 1961లో పుట్టిన అమెరికా సాయ సంస్థ యూఎస్ఎయిడ్ ఆ ఏడాది జులై 1తో మూతపడింది. బ్రిటన్ తన సాయాన్ని 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తామంది. ఆఫ్రికాలో ఎయిడ్స్ క్లినిక్కులు నడిపే సిబ్బంది వారాల వ్యవధిలో పని కోల్పోయారు. సొంత ఖజానా నుంచి ఆ లోటు పూడ్చమంటే చాలా దేశాలకు వీలుకాదు. విద్య మీదో, వైద్యం మీదో పెట్టేదానికన్నా అప్పు వడ్డీకే ఎక్కువ కడుతున్న దేశాల్లో 330 కోట్ల మంది బతుకుతున్నారని ఐక్యరాజ్యసమితి వాణిజ్య అభివృద్ధి విభాగం 2024లో లెక్క చెప్పింది.

అందుకే చర్చ దానం నుంచి పన్నుల వైపు మళ్లుతోంది. పెద్ద కంపెనీలు లాభాలను పన్ను లేని దీవులకు మళ్లించకుండా 15 శాతం కనీస పన్ను వేయాలని 2021లో 130కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. మినహాయింపులు దాన్ని బాగా పలచన చేశాయి. ప్రపంచంలోని సుమారు 3,000 మంది బిలియనీర్ల సంపద మీద ఏటా 2 శాతం కనీస పన్ను వేస్తే 20,000 కోట్ల డాలర్లకు పైగా వస్తుందని ఆర్థికవేత్త గేబ్రియల్ జుక్మన్ 2024లో జీ-20కి నివేదించారు. వాతావరణానికి ధనిక దేశాలు 2009లో ఒప్పుకున్న మొత్తానికి అది రెట్టింపు. పన్నుల నియమాలను ధనిక దేశాల క్లబ్బు నుంచి ఐక్యరాజ్యసమితికి మార్చాలని ఆఫ్రికా దేశాలు 2023 నవంబరులో తీర్మానం పెట్టాయి. 125 దేశాలు అనుకూలంగా, 48 దేశాలు వ్యతిరేకంగా ఓటేశాయి. వ్యతిరేకుల్లో అత్యధికం ధనిక దేశాలే. ఒడంబడిక ముసాయిదాను 2027లో పూర్తి చేయాలన్నది లక్ష్యం. 2025 ఫిబ్రవరిలో ఆ చర్చల నుంచి అమెరికా లేచి వెళ్లిపోయింది. మిగతా దేశాలు కొనసాగిస్తున్నాయి.